నీలి లోగిలిలో రెండు రాత్రులు

మా పెళ్ళయి నలభై ఏళ్ళు నిండిన సందర్భంగా మా అబ్బాయి పట్టుబట్టలు పెడతాడనుకున్నాం. వాడేమో ఒక పాత ఇంట్లో రెండు రాత్రుల బస బహుమతిగా ఇచ్చాడు. "ఒకసారి ఇల్లంటావు, ఒకసారి హోటలంటావు. ఏదో ఒకటి తేల్చి చెప్పరా" అన్నారు మావారు. "రెండూనే నాన్నా, వెళ్ళి చూడండి" అన్నాడు.

మా వాడు మలేసియాలోని పినాంగ్ దీవిలో ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో ఇంజనీరు. కిందటి ఏడాది వాళ్ళ దగ్గర నెల రోజులు ఉండి వద్దామని చెన్నై నుంచి కౌలాలంపూర్ మీదుగా వెళ్ళాం. గడియారం రెండున్నర గంటలు ముందుకు తిప్పుకోవాలి, అంతే. ఆ ఎండా, ఆ ఉక్కా, ఆ కొబ్బరిచెట్లూ అచ్చం మన గోపాల్‌పూర్ తీరంలాగే ఉన్నాయి.

బరంపురంలో బయల్దేరే ముందు రోజు మా మరిది ఫోను చేశాడు. మా పాత ఇంటికి ఒక బిల్డరు బేరం పెట్టాడట. మావారి ముత్తాతగారు రంగం వెళ్ళి సంపాదించిన డబ్బుతో కట్టించిన మండువా లోగిలి అది. ముగ్గురన్నదమ్ములూ సంతకాలు పెడితే అపార్ట్‌మెంటు లేస్తుంది. పెద్దవారు మావారే. "నా కంఠంలో ప్రాణం ఉండగా అమ్మను" అంటారే గాని, ఆ ఇంటి పెంకు తిరగవేయించి పన్నెండేళ్ళయింది. మేమూ ఫ్లాటులోనే ఉంటున్నాం. ఆ బరువు మనసులో పెట్టుకునే విమానం ఎక్కాం.

శుక్రవారం సాయంత్రం మా అబ్బాయి మమ్మల్ని జార్జ్‌టౌన్‌లో లీత్ వీధిలో దింపాడు. ఈ ఊరి పాత భాగాన్ని 2008లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. వీధి మలుపు తిరిగామో లేదో, నీలం! గోడలన్నీ ముదురు నీలం. వాటి మీద ఎర్ర లాంతర్లు. ఆ రంగు కారణంగానే దీన్ని అందరూ నీలి భవంతి అంటారు. అసలు పేరు చాంగ్ ఫాట్ ట్జి మాన్షన్.

అది డబ్బాలో వచ్చే పెయింటు కాదు. సున్నంలో నీలిమందు కలిపి కొట్టిన రంగు. సున్నమైతే గోడలోని చెమ్మను బయటికి పోనిస్తుందట. వానలెక్కువ పడే దేశం కదా. నాకు మా అమ్మ గుర్తొచ్చింది. సంక్రాంతికి వెల్ల వేయించేటప్పుడు సున్నం తొట్టిలో చిటికెడు నీలిమందు వేయించేది. మనవాళ్ళు తెల్లదనం కోసం చిటికెడు వేస్తే, ఈయన ఇల్లంతా దానితోనే ముంచేశాడు. చీనావాళ్ళకు తెలుపు చావుకు సంబంధించిన రంగు మరి.

శనివారం ఉదయం గైడు ఇల్లంతా తిప్పి చూపించింది. బస చేయనివాళ్ళు కూడా టిక్కెట్టు కొని ఇలా చూడవచ్చు. 38 గదులు, 5 ముంగిళ్ళు, 7 మెట్లదారులు, 220 కిటికీలు! కట్టించిన చాంగ్ ఫాట్ ట్జి 1840లో దక్షిణ చీనాలోని గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో, డాబు అనే చోట, ఒక పేద హక్కా కుటుంబంలో పుట్టాడు. హక్కాలంటే చీనాలోనే తమ సొంత మాటా, సొంత ఆచారాలూ ఉన్న ఒక జనం. కుర్రతనంలోనే ఓడెక్కి బటేవియా, అంటే నేటి జకార్తా, చేరాడు. వర్తకంలో పైకొచ్చి, తోటలూ, గనులూ, ఓడలూ సంపాదించాడు. 1890ల్లో పినాంగ్‌లో చీనా ప్రభుత్వానికి ప్రతినిధిగా పనిచేశాడు. 1892లో చీనాలోని యాంటాయ్‌లో ఆయన పెట్టిన చాంగ్‌యూ ద్రాక్షసారా కంపెనీ ఈనాటికీ నడుస్తోంది. ఆయన పేరు కూడా ఒక్కో మాటలో ఒక్కో రకం. మాండరిన్‌లో జాంగ్ బీషి అంటే ఈయనే. ఒడియా బడి రిజిస్టరులో మా ఇంటిపేరు పడ్డ అవస్థ తలుచుకుని నేను నవ్వుకున్నాను.

ఇల్లు చూస్తే ఆ మనిషి తెలుస్తాడు. నేల పలకలు ఇంగ్లండు నుంచి, ఇనుప స్తంభాలు స్కాట్లండులోని గ్లాస్గో నుంచి తెప్పించాడు. కిటికీలకు ఐరోపా తరహా రంగుటద్దాలు. కానీ ఇంటి పొందిక మాత్రం తన దేశానిదే. వెనక కొండ, ముందు సముద్రం ఉండేలా ఫెంగ్‌షుయ్ చూసి కట్టించాడు. మన వాస్తు లాంటిదే అనుకోండి. బంగారు పూత పూసిన చెక్క తెరలు దక్షిణ చీనా పనితనం. ఇంటి కప్పు అంచుల మీద పూలూ, పక్షులూ, బొమ్మలూ ఉన్నాయి. అవి రంగురంగుల పింగాణీ గిన్నెలను ముక్కలుగా కత్తిరించి, ఒక్కొక్క ముక్కా అతికించి చేసినవి. నేను చాలాసేపు మెడ ఎత్తి వాటినే చూస్తూ నిలబడ్డాను.

ఇంటి నడుమ ముంగిలి చూడగానే మాత్రం ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. నాలుగు వైపులా వసారాలు, మధ్యలో ఆకాశం, కింద రాతిపరుపు. వాన ఇంట్లోనే పడుతుంది. అది మండువా కాక మరేమిటి? ఈ నీళ్ళు సంపదకు గుర్తని, అవి గబగబా బయటికి పోకూడదని వాళ్ళ నమ్మకమట.

తరవాత గైడు చెప్పిన మాట దగ్గర మావారు ఆగిపోయారు. 1916లో చనిపోయిన ఆ పెద్దాయన, తన ఆఖరి కొడుకు పోయేదాకా ఈ ఇల్లు అమ్మకూడదని వీలునామా రాశాడట. ఆ కొడుకు 1989లో పోయాడు. అప్పటికి ఇల్లు గదికొక కాపురమై, శిథిలమై, కూలడానికి సిద్ధంగా ఉంది. ఆ దశలో లారెన్స్ లో అనే ఆర్కిటెక్టు, ఆయన భార్య, మరికొందరు పినాంగ్ వాళ్ళు కలిసి కొన్నారు. పాత పనితనం తెలిసిన పనివాళ్ళను చీనా నుంచి రప్పించి, ఏళ్ళ తరబడి బాగుచేయించారు. 2000లో యునెస్కో బహుమతి వచ్చింది. 2018లో వచ్చిన 'క్రేజీ రిచ్ ఏషియన్స్' సినిమాలో అత్తాకోడళ్ళు కాబోయే ఇద్దరు మాజాంగ్ ఆడే సీను ఇక్కడ తీసినదే. ఇప్పుడు హోటలు సంపాదనతో ఇల్లు తన ఖర్చు తానే భరిస్తోంది.

"అంటే అమ్మకపోతే ఇల్లు నిలవలేదన్నమాట" అన్నారు మావారు మెల్లిగా. గైడు కోసం కాదు, తనలో తాను అనుకున్నట్టు.

శనివారం కాబట్టి మాకు గుడ్డు కూడా కుదరదు. మధ్యాహ్నం బజారులో పులుట్ తై తై అనే మిఠాయి కొనుక్కున్నాం. కొబ్బరిపాలతో వండిన జిగట బియ్యానికి మన శంఖుపువ్వు రసంతో నీలిరంగు వేస్తారు. దానికి నంజుకోవడానికి ఇచ్చే కొబ్బరి జాములో గుడ్డు ఉంటుందని తెలిసి అది వదిలేశాం. ఉత్తదే అయినా కమ్మగా ఉంది.

ఆ రాత్రి వాన పట్టుకుంది. మెలకువ వచ్చి చూస్తే మంచం మీద ఆయన లేరు. వెతుక్కుంటూ వెళితే, నడిమి ముంగిలి పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నారు. లాంతరు వెలుగులో వాన ధారలుగా రాతి మీద పడుతోంది. వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"మా నాన్న మండువాలో గంగాళం పెట్టేవారు, వాననీళ్ళు పట్టడానికి" అన్నారు. చాలాసేపటికి మళ్ళీ, "ఆ దూలం చెదలు పట్టిందని నాకు అయిదేళ్ళుగా తెలుసు. చూడకపోతే లేదనుకోవచ్చు కదా అని వెళ్ళడం మానేశాను" అన్నారు.

నలభై ఏళ్ళలో ఆయన తన తప్పు తాను ఒప్పుకోవడం నేను వినడం అదే మొదటిసారి. ఏమీ అనలేదు. వాన తగ్గేదాకా ఇద్దరం అక్కడే కూర్చున్నాం.

ఆదివారం ఉదయం కోడలూ, మనవడూ మమ్మల్ని తీసుకెళ్ళడానికి టాక్సీలో వచ్చారు. మనవడికి తొమ్మిదేళ్ళు, బడిలో మాండరిన్ నేర్చుకుంటున్నాడు. అక్కడ అంటించి ఉన్న ఎర్ర కాగితం మీద అక్షరం చూసి, "ఇది ఫు, నానమ్మా! అంటే మేలు, అదృష్టం" అన్నాడు గర్వంగా.

"మన బరంపురం ఇంటి ద్వారబంధం మీద చెక్కిన శ్రీ లాంటిదన్నమాట" అన్నాను.

"అది అక్షరమా? పువ్వు బొమ్మ అనుకున్నాను" అన్నాడు వాడు.

తప్పు వాడిది కాదు. వాడికి చూపించినవాళ్ళు ఎవరు? కోడలు తల దించుకుంది. నేనూ దించుకోవలసినదాన్నే. ముప్పై ఏళ్ళు బడిలో ఊరి పిల్లలకు పాఠాలు చెప్పాను. ఏటా సెలవులకు వచ్చే మనవడికి మాత్రం అరిసెలు పెట్టి పంపాను.

తిరిగి వెళ్ళేటప్పుడు మా మాటలు విని టాక్సీ డ్రైవరు, "మీరు తెలుగోళ్ళాండీ?" అన్నాడు. అతని పూర్వీకులు విశాఖ వైపు నుంచి వచ్చి, పెరాక్ రాష్ట్రంలో బాగన్ డటో దగ్గర కొబ్బరి తోటల్లో పనిచేశారట. మాట వచ్చుగాని చదవడం రాదన్నాడు. కూతురు మాత్రం సంఘం వాళ్ళు పెట్టిన క్లాసులో నేర్చుకుందట. మలేసియాలో తెలుగువాళ్ళకు 1955 నుంచీ సంఘం ఉంది. "ఇంట్లో ఉత్తరాలన్నీ ఇప్పుడు అదే చదివి పెడుతుందండీ" అన్నాడు. ఆ మాట నన్ను ఇంటిదాకా వదలలేదు.

వచ్చాక మావారు తమ్ముళ్ళిద్దరినీ కూర్చోబెట్టారు. అమ్మనని అనలేదు, అమ్ముతాననీ అనలేదు. వెనక పెరడు బిల్డరుకు ఇద్దామని, ఆ డబ్బులో కొంత మండువాకు ఖర్చు పెట్టి మిగతాది పంచుకుందామని అన్నారు. చిన్న మరిది ఒకటికి రెండుసార్లు లెక్క వేసుకున్నాడు. మొత్తం అమ్మితే వచ్చేదానికి ఇది సగం కూడా లేదని గొణిగాడు. చివరికి, "ఒక్క ఏడాది చూద్దాం అన్నయ్యా, ఆ తరవాత నన్ను ఆపొద్దు" అన్నాడు. అదీ న్యాయమే. వాడి పిల్లల చదువులు వాడికి ఉన్నాయి.

దూలం మార్చాం. పెంకు తిరగవేయించాం. ముందు వసారాలో శని, ఆదివారాలు సాయంత్రం మన వీధి పిల్లలకు తెలుగు అక్షరాలు చెబుతున్నాను. మొదటి వారం నలుగురు వచ్చారు, ఇప్పుడు పదకొండు మంది. ఏడాది తరవాత ఇల్లు ఉంటుందో ఉండదో నాకు తెలియదు. మీ ఊళ్ళో కూడా తాళం వేసిన లోగిలి ఒకటి ఉంటే, ఒకసారి తలుపు తీసి దూలం వైపు చూడండి. అమ్మాలా వద్దా అన్నది ఆ తరవాత మాట.

సెలవులకు మనవడు వస్తున్నాడు. ఈసారి వాణ్ణి ముందు ద్వారబంధం దగ్గరికే తీసుకెళ్తాను. వెల్ల ఇంకా వేయించలేదు. సున్నం తొట్టిలో నీలిమందు వాడి చేతే వేయించాలని ఆగాను.