నేలవలె కనబడిన నీరు

మన విశాఖపట్టణముపై విమానము ధ్వనించినంతనే నా తరగతిలోని కన్నులన్నియు కిటికీవైపు మరలును. నేనందుకు కోపింపను. అయితే ఎగురుటను మెచ్చు బాలబాలికలు దిగుటలోని కష్టమును గూడ ఎరుగవలెనని నా కోరిక.

2002వ సంవత్సరము మార్చి 3వ తేదీ ఉదయమున, అప్పటి లోక్‌సభాధ్యక్షులు శ్రీ జి. ఎం. సి. బాలయోగిగారు చిన్న హెలికాప్టరులో భీమవరమునుండి హైదరాబాదునకు బయలుదేరిరి. అది కృష్ణాజిల్లా కైకలూరు ప్రాంతమున చేపలచెరువులో కూలెను. వారును, వెంటనున్న ఇరువురును మరణించిరి. యంత్రలోపమని మొదట అనుకొనిరి. చూపానని వేళ చెరువును నేలగా భ్రమించి దింపబోయి, నీరని తెలిసి పైకి లేపునంతలో కొబ్బరిచెట్టు తగిలెనని పిదప చెప్పిరి.

ఈ సంగతి వినిపింపగా, విమానచోదకుడు కాగోరు బాలుడొకడు, "మాష్టారూ, తప్పెవరిది?" అని నన్నడిగెను.

నీటిని నేలయనుకొనుట వింతగా తోచవచ్చును. గడ్డిని, గట్లను, నీడలను చూచి మన కన్ను ఎత్తును అంచనా కట్టును. కదలని నీటిపై అట్టి గురుతులుండవు. మంచు పట్టినప్పుడు నీరును నింగియు ఒకే రంగున కలిసిపోవును. అప్పుడు అనుభవజ్ఞుని కన్ను సైతము మోసపోవును. కావుననే కంటినొక్కదానినే నమ్మక ఎత్తును తెలుపు యంత్రమును చూడుమనియు, దారి కానరాకున్న ముందుగనే మరలుమనియు విమానవిద్యలో నేర్పుదురు. మరలుట పిరికితనము కాదు.

విమానప్రమాద విచారణ నింద మోపుటకు గాక, అట్టిది మరల జరుగకుండ చేయుటకే యని అంతర్జాతీయ నిబంధన. ఆ బాలునకు నేనిచ్చిన ప్రత్యుత్తరమును అదియే.