ఆకాశం నుంచి చేపల వేట

తిరుపతి వచ్చినవాళ్లు కొండెక్కి స్వామిని సేవించుకుని, కాళహస్తి చూసుకుని ఇంటిదారి పడతారు. నిరుడు చలికాలంలో మేము మాత్రం కాళహస్తి నుంచి నాయుడుపేట మీదుగా సూళ్లూరుపేట వెళ్లాము. 2022లో జిల్లాలు మారినప్పుడు నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చిన ఊరిది. ఊరు దాటితే పులికాట్ సరస్సు. ఆ సరస్సును చీల్చుకుంటూ పోయే రోడ్డు చివర శ్రీహరికోట.

అటకానితిప్ప దగ్గర కారు ఆపించాము. పిల్లలు గూడబాతులను లెక్కపెడుతుంటే, గట్టున వల బాగుచేసుకుంటున్న ముసలాయనను పలకరించాను.

"చేపలు ఎక్కడున్నాయో ఎట్లా తెలుస్తుంది తాతా?"

"చేప కనపడదు సామీ. నీళ్ల రంగు కనపడుతుంది, పైన పక్షి కనపడుతుంది. ఆ రెండూ చూసి వల వెయ్యడమే."

అమెరికా తూర్పు తీరాన ఈ పని చిన్న విమానాల మీద చేస్తారు. అక్కడ మెన్‌హేడెన్ అనే చేప పెద్ద పెద్ద గుంపులు కట్టి తిరుగుతుంది. పైలటు నీటిలో నల్లమచ్చలాంటి నీడను పసిగట్టి, రేడియోలో పడవవాళ్లకు చెబుతాడు. వాళ్లు వల చుట్టేస్తారు. పడవకే అప్పు చేసే మనవాళ్లకు విమానమెక్కడిది?

మన విమానం మరీ ఎత్తున ఉంది. 1999 మే 26న, 2009 సెప్టెంబరు 23న, 2022 నవంబరు 26న ఈ శ్రీహరికోట నుంచే ఓషన్‌శాట్ ఉపగ్రహాలు లేచాయి. 700 కిలోమీటర్ల పైనుంచి చేప కనపడుతుందా? కనపడదు. కనపడేది సముద్రపు రంగు. కంటికానని నాచు దట్టమైనచోట నీటి రంగు మారుతుంది. ఆ నాచును తినే జీవుల కోసం చిన్న చేపలు, వాటి కోసం పెద్దవి చేరతాయి. దీనికి నీటి వేడిమి లెక్కలు జోడించి, ఏ రేవు నుంచి ఏ దిక్కుకు ఎంత దూరం పోవాలో, అక్కడ లోతెంతో హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ చెబుతుంది. సముద్రమే లేని హైదరాబాదు జాలరికి దారి చూపడం నాకు వింతగా తోచింది! మబ్బు పట్టిందా, ఆ పైకన్ను మూసుకుపోయినట్టే.

ముసలాయనకు ఇదంతా తెలుసు. సముద్రం మీదికి పోయే కొడుకు ఫోనులో చూసుకుంటాడట.

"మంచిదే సామీ, డీజిలు కలిసొస్తుంది. అయితే రాకెట్టు లేచే రోజు సముద్రంలోకి పోవద్దంటారు. ఏప్రిల్ 15 నుంచి రెండు నెలలు మరబోట్లకు ఎట్లాగూ వేట లేదు. ఇక ఈ సరస్సంటారా, రాయదొరువు దగ్గర మొగ ఇసుకతో పూడితే సముద్రపు నీళ్లు లోపలికి రావు. నీళ్లు రాకుంటే చేప రాదు. అది చూసేదానికి ఉపగ్రహం దేనికి?"

ఇంతలో ఒక గూడబాతు మా తలల మీదుగా పోయి దూరాన నీటిలో దిగింది. పిల్లలు కేరింతలు కొట్టారు. ముసలాయన వల పక్కనపెట్టి, కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, అది వాలిన చోటుకేసి చాలాసేపు చూస్తూ నిలబడ్డాడు.