మోపుకు ఎన్ని తక్కువ?

పిల్లలూ! 8కి 5 కలిపితే ఎంత? 13 అని అప్పుడే అనేశారు కదూ! సరే, ఆ జవాబు మీకు ఎలా వచ్చిందో చెప్పండి చూద్దాం.

1985లో నేను బోధన్ దగ్గర ఒక పల్లెలో రెండవ తరగతికి లెక్కలు చెప్పేవాణ్ణి. శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ అప్పుడు నడుస్తూ ఉండేది. (1937లో వెలసిన ఆ ఫ్యాక్టరీ 2015 చివర మూతబడింది.) చెరుకు కొట్టే రోజుల్లో బడి ముందునుంచే బండ్లు బారులు తీరి పోయేవి. పిల్లల కళ్లన్నీ గడల మీదే!

తరగతిలో ఒక అమ్మాయి వేళ్ల కణుపులు లెక్కపెట్టి కూడికలు చేసేది. చెరుకుకూ కణుపులే, వేలికీ కణుపులే! ఒకనాడు నేను, "వేళ్లు మాను, నోటితో చెప్పు!" అని గట్టిగా కసిరాను. ఆ పిల్ల చేతులు వెనక్కి దాచుకుంది. ఆనాటినుంచి ఏమడిగినా పలికేది కాదు. నెల గడిచింది. మొద్దుపిల్ల అనుకున్నాను. శిక్షణ పొందిన పంతులును, నాకు అంతకంటే ఏమీ తోచలేదు సుమా!

ఒక అంగడినాడు ఆ పిల్ల నాయనమ్మ పక్కన కూర్చుని చెరుకు అమ్ముతూ కనబడింది. పది గడలకు ఒక మోపు. ఒకచోట 8 గడలు, మరొకచోట 5 మిగిలాయి. "ఎన్నయినయి బిడ్డా?" అన్నది ముసలమ్మ.

"పదమూడు!" వేలైనా కదపలేదు.

"ఎట్లా చెప్పావమ్మా?" అని అడిగాను. నన్ను చూడగానే చేతులు మళ్లీ వెనక్కి పోయాయి. "సారుకు చెప్పు బిడ్డా" అని నాయనమ్మ అంటే, నేల చూస్తూ చెప్పింది:

"ఎనిమిది మోపుకు రెండు తక్కువ సార్. అయిదుల రెండు తీసి అండ్ల పెడితే మోపు నిండె. మూడు మిగిలె."

పది నిండితే చాలు, తక్కిన పని మన తెలుగే చేస్తుంది. పది, మూడు - పదమూడు!

మరునాడు చింతగింజలు పట్టుకుని బడికి వెళ్లాను. వేళ్లు వాడవద్దని మళ్లీ అనలేదు. జవాబు కాదు, దారి చెప్పమన్నాను. ఎన్ని దారులనుకున్నారు! 3కి 9 కలపమంటే ఒకడు 9తో మొదలుపెట్టి మూడడుగులు వేశాడు. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లవాడొకడు 9 కలపాల్సినచోట 10 కలిపి, ఒకటి తీసేశాడు. ఉర్దూలో 19ని ఉన్నీస్ అంటారు. ఇరవైకి ఒకటి తక్కువ అని ఆ మాటకు మూలార్థం.

ఆ అమ్మాయి మాత్రం రెండు రోజులు నోరు విప్పలేదు. మూడవనాడు 7కి 8 ఎంత అని అడిగాను. ఒక కుర్రవాడు, "ఏడూ ఏడూ పద్నాలుగు, ఇంకొకటి!" అన్నాడు.

"నేను మోపు కడత సార్" అని వెనుకనుంచి ఒక గొంతు వినిపించింది.