స్పేసర్ వెనక కనబడని నట్లు

ఆదివారం పొద్దున్నే వికారాబాద్ అడవి దారుల్లోకో, మారేడుమిల్లి ఘాట్‌కో జిమ్నీలూ థార్‌లూ వరసకట్టి బయల్దేరితే చూడముచ్చటగా ఉంటుంది కదండీ. వాటిలో కొన్నింటి చక్రాలు బాడీ దాటి బయటికి వచ్చి ఉంటాయి. ఆ ఠీవి కోసం హబ్‌కీ చక్రానికీ మధ్య ఓ అల్యూమినియం బిళ్ల పెట్టిస్తారు. అదే వీల్ స్పేసర్. పెట్టించుకున్నవాళ్లని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. కానీ చక్రాన్ని హబ్‌కి పట్టే బోల్టులు, అంటే స్టడ్లు, తెగి చక్రం ఊడితే అది మన బండి దగ్గరే ఆగదు, ఎదురుగా బైకు మీద వచ్చేవాళ్ల మీదికి పోతుంది. అందుకే ఇంత చెప్పాలనిపిస్తోంది.

చక్రం స్టడ్ల మీద వేలాడుతుందని చాలామంది అనుకుంటారు. అసలు సంగతి వేరు. నట్టు బిగించినప్పుడు స్టడ్ రవ్వంత సాగుతుంది. ఆ లాగుడే చక్రాన్ని హబ్‌కి అదిమి పడుతుంది. బండి బరువు మోసేది ఆ రెండు ముఖాల మధ్య పట్టే. నట్టు వదులైందా, పట్టు పోతుంది, చక్రం తిరిగిన ప్రతిసారీ స్టడ్ వంగుతుంది. గంటకి 60 కిలోమీటర్ల వేగంలో జిమ్నీ చక్రం నిమిషానికి సుమారు 460 చుట్లు తిరుగుతుంది. ఇక ఆ స్టడ్ ఎన్నాళ్లు ఆగుతుందో మీరే చెప్పండి.

విరిగిన స్టడ్ ముక్క దొరికితే పారేయకండి, వెలుతుర్లో పెట్టి చూడండి. ఒక అంచున మొదలై నెలవంకల్లా వరసగా నున్నటి గీతలు, చివర కాస్త గరుకు భాగం కనబడితే అది గుంతలో పడి ఒక్కసారిగా విరిగింది కాదు. కొన్నాళ్లుగా కొద్దికొద్దిగా పగులుతూ వచ్చింది. అలా కాకుండా స్టడ్ మధ్యలో సాగి సన్నబడి తెగితే, ఇంపాక్ట్ గన్‌తో అతిగా బిగించారన్నమాట.

స్పేసర్లలో రెండు రకాలు. ఊరికే తొడిగే పల్చటి బిళ్ల స్టడ్ పొడవుని తినేస్తుంది. జిమ్నీ స్టడ్ 12 మిల్లీమీటర్ల లావు, మర ఎడం 1.25. లావుకి తగ్గకుండా మర పట్టాలన్న లెక్కన నట్టు తొమ్మిది పది చుట్లు ఎక్కాలి. 5 మిల్లీమీటర్ల బిళ్ల పెడితే అందులో నాలుగు చుట్లు పోతాయి! రెండో రకం హబ్‌కి బిగించే మందపాటిది, దానికి సొంత స్టడ్లుంటాయి. అసలు చిక్కు దీనితోనే. లోపలి నట్లు చక్రం విప్పితే తప్ప కనబడవు. బయటి నట్లు బిగించి చూసుకుని నిశ్చింతగా ఉంటాం, లోపల వదులవుతూ ఉంటుంది. హబ్ మీద తుప్పో పెయింటో ఉండగానే బిగిస్తే అది నలిగిపోయి మరీ త్వరగా వదులవుతుంది. కాబట్టి వైర్ బ్రష్‌తో తోమి, టార్క్ రెంచ్‌తో బిగించి, వంద కిలోమీటర్లలోపే చక్రం విప్పి లోపలివి మళ్లీ చూడాలి. జిమ్నీ చక్రం నట్లకైతే 100 న్యూటన్ మీటర్లు. మీ బండి లెక్క మాన్యువల్లో ఉంటుంది. స్పేసర్ లోపలి నట్లకి దాని తయారీదారు చెప్పిన లెక్కే.

నెమ్మదిగా వెళ్తున్నప్పుడు చక్రం దగ్గర టక్‌టక్‌మన్నా, నట్టు చుట్టూ తుప్పు చార కారినా, స్టీరింగ్ కొత్తగా వణికినా పక్కకి ఆపేయండి. ఇంటిదాకా వెళ్దాంలే అనుకోవద్దు. తెగింది స్పేసర్ స్టడ్డే అయి, హబ్ స్టడ్లు బాగుంటే, స్పేసర్ తీసేసి కంపెనీ స్టెప్నీని నేరుగా హబ్‌కే ఎక్కించొచ్చు. అందుకోసం బండితో వచ్చిన నట్లు డిక్కీలో ఉంచుకోవాలి. హబ్ స్టడ్ తెగితే మాత్రం రికవరీ బండిని పిలవడమే.

మెకానిక్ దగ్గర ఒకటి పట్టుబట్టండి. తెగింది ఒక్కటే అయినా ఆ చక్రానికి అన్ని స్టడ్లూ మార్చమనండి. మిగిలినవి దాని భారం కూడా మోసినవే, వాటిలోనూ పగులు మొదలై ఉండొచ్చు. వెల్డింగ్ మాట ఎత్తితే అక్కడినుంచి వచ్చేయండి. ఆ వేడికి గట్టిపరచిన ఉక్కు గుణమే పోతుంది. స్టడ్ తల కింద సన్నటి పళ్లుంటాయి, అవి హబ్ రంధ్రంలో కరుచుకోవాలి. నట్టుతోపాటు స్టడ్ కూడా తిరుగుతోందంటే రంధ్రం పాడై ఉండొచ్చు, అలాగైతే హబ్ మార్చాల్సిందే.

చట్టం సంగతి కూడా ఉంది. రిజిస్ట్రేషన్ వివరాలు తయారీదారు మొదట నిర్దేశించినవాటికి భిన్నంగా మారేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019లో సుప్రీంకోర్టూ అదే మాట గట్టిగా చెప్పింది. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ ముందుగా ఇదే అడగొచ్చు.

చక్రాలు వెడల్పుగా కావాలనే ఉంటే, స్పేసర్ మానేసి మీ బండికి నప్పే ఆఫ్‌సెట్ ఉన్న రిమ్ములు వెతకండి. అయినా బేరింగుల మీద భారం పెరుగుతుంది, 52వ సెక్షన్ వాటికీ వర్తించొచ్చు. కాకపోతే బిగించే నట్లన్నీ కంటికెదురుగా ఉంటాయి.