మందు లేని చోట వైద్యం

జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాటి ఫిలింనగర్ వైపు వెళ్లే దారిలో, ఒక పక్క సందులో ఉంది ఆ పునరావాస కేంద్రం. కింది అంతస్తులో డబ్బింగ్ థియేటరు, పైన ఫిజియోథెరపీ హాలు. మెదడులో కదలికలను నడిపే భాగాలు ఏడాదికేడాది క్షీణించిపోయే అరుదైన జబ్బుల వాళ్లు ఇక్కడికి వస్తారని తెలిసి వెళ్లాను. ఈ జబ్బుల్లో ఎక్కువ వాటిని నయం చేసే మందు ఇంకా లేదు. మరి ఇంతమంది ఇక్కడికి వచ్చి ఏం చేస్తున్నారో చూడాలనిపించింది.

హాలు నేల మీద అడుగున్నర ఎడంతో పసుపు టేపు ముక్కలు అంటించి ఉన్నాయి. ఇక్కడికి వచ్చేవాళ్లలో సినిమా పనివాళ్లు చాలామంది. వాళ్లకు ఆ టేపు కొత్తేమీ కాదు. షాట్‌లో నటుడు ఎక్కడ నిలబడాలో చెప్పే మార్కులు కూడా అలాగే ఉంటాయి. కాకపోతే అక్కడ మార్కు ఆగడానికి, ఇక్కడ కదలడానికి. కొందరికి నడుస్తూ నడుస్తూ కాళ్లు నేలకు అతుక్కుపోతాయి. లోపలి నుంచి అడుగు రాదు. కళ్లెదుట ఒక గీత కనిపించి, దాన్ని దాటాలి అనుకుంటే మాత్రం కాలు లేస్తుంది. దెబ్బతిన్న దారిని వదిలేసి మెదడు కంటి చూపు ఆసరాగా ఇంకో దారిన పని జరిపించుకుంటుంది.

"అంకుల్, ఎదుట దూరంగా ఉన్న గీత చూడండి. పెద్ద అడుగు. తొందరేం లేదు" అంటోంది ఫిజియోథెరపిస్టు. పాతికేళ్లుంటాయేమో. ఆ అంకుల్ ముప్ఫై ఏళ్లకు పైగా లైట్‌మన్‌గా చేశాడు. తలెత్తి లైట్లు చూసుకుంటూ బతికిన మనిషి. ఇప్పుడు ఆయన కళ్లు కిందికి దిగవు. మెట్టు కనబడదు, కంచంలో అన్నం కనబడదు. చూపు తగ్గిందనుకుని ముందు కళ్లద్దాలు మార్చారు. ఆ తర్వాత ఏ కారణమూ లేకుండా వెనక్కి పడిపోవడం మొదలైంది. పార్కిన్సన్స్ అనుకుని లెవోడోపా ఇచ్చారు. పెద్దగా గుణం కనిపించలేదు. చివరికి తేలింది ప్రోగ్రెసివ్ సుప్రాన్యూక్లియర్ పాల్సీ, డాక్టర్ల వాడుకలో పీఎస్‌పీ. 1964లో స్టీల్, రిచర్డ్‌సన్, ఒల్షెవ్‌స్కీ అనే ముగ్గురు దీన్ని విడి జబ్బుగా వర్ణించారు. టౌ అనే ప్రోటీను మెదడు కణాల్లో పేరుకుపోవడం దీని లక్షణం. లక్ష మందిలో అయిదారుగురికి ఉంటుంది కాబట్టి, మామూలు డాక్టరు తన జీవితంలో ఒకటి రెండు కేసులు చూస్తే ఎక్కువ.

పేరు తెలిసినందువల్ల జబ్బు తగ్గలేదు. కానీ ఇల్లు మారింది. ఆ సంగతి ఆయన భార్య చెప్పింది. భోజనాల బల్ల మీద చిన్న పీట వేసి, దాని మీద కంచం పెడుతోంది. చూపు అందే ఎత్తులో ఉంటే ఆయన తన చేత్తో తాను తింటున్నాడు. రెండు చేతుల్లోనూ వస్తువులు పట్టుకుని నడవనివ్వదు. ఉన్నచోటే గిర్రున తిరగకుండా, బస్సు మలుపు తీసుకున్నట్టు చుట్టూ తిరిగి రమ్మంటుంది. నడిపించేటప్పుడు ముందుండి చెయ్యి పట్టుకుని లాగదు. పడేది వెనక్కి కాబట్టి ఒక పక్కగా, కాస్త వెనక నిలబడుతుంది. బైఫోకల్ అద్దాలు తీయించారు. "ఇదంతా మొదట్లోనే చెప్పుంటే తుంటి విరిగేది కాదు కదమ్మా" అందామె నాతో. కోపంగా అనలేదు. అయినా ఆ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

లెవోడోపా ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. మన దూలగొండి గింజల్లో ఉండేది అదే పదార్థం. 1937లోనే మద్రాసులో దామోదరన్, రామస్వామి ఆ గింజల నుంచి దాన్ని వేరుచేశారు. పార్కిన్సన్స్‌లో అది పనిచేస్తుందనడంలో సందేహం లేదు. కానీ 'నరాల బలహీనత' అన్న ఒకే పేరు కింద ప్రతి తూలుడుకూ, ప్రతి వణుకుకూ ఆ పొడి వాడేవాళ్లున్నారు. పీఎస్‌పీలో దానివల్ల ఒరిగేది తక్కువ. ఒళ్లు తూలే వారసత్వ జబ్బులైన అటాక్సియాల్లో చాలావాటికి దానితో పనే లేదు. అప్పటికే లెవోడోపా మాత్రలు వేసుకుంటున్న మనిషి డాక్టరుకు చెప్పకుండా అదీ తింటే మోతాదు మించిపోతుంది.

హాలుకు ఆనుకుని ఉన్న గదిలో న్యూరాలజిస్టు ఒకావిడను పరీక్షిస్తున్నారు. నన్ను పక్కన కూర్చోనిచ్చారు. డాక్టరుగారు రెండు చూపుడు వేళ్లు ఎడంగా పెట్టి, "ఇటు చూడండి, ఇప్పుడు అటు" అన్నారు. మామూలుగా కన్ను ఇటునుంచి అటు చటుక్కున దూకుతుంది. ఆవిడ కళ్లు మెల్లగా పాకినట్టు వెళ్లాయి. అవి చేరేలోగా తల ముందే తిరిగిపోతోంది. 1971లో బొంబాయిలో నోషిర్ వాడియా, ఆర్.కె. స్వామి అనే డాక్టర్లు తొమ్మిది కుటుంబాల్లో గమనించి రాసింది సరిగ్గా ఈ చూపునే. ఒళ్లు తూలడంతోపాటు కళ్ల కదలిక ఇంత నెమ్మదించే వంశపారంపర్య జబ్బు ఒకటి ఉందని లోకానికి చెప్పింది వాళ్లే. పాతికేళ్ల తర్వాత, 1996లో, దాని జన్యువు దొరికింది. ఇప్పుడు దాన్ని ఎస్‌సీఏ2 అంటున్నారు. మన దేశంలో ఎక్కువగా కనిపించే వారసత్వ అటాక్సియాల్లో ఇదొకటి. స్కానింగులూ జన్యు పరీక్షలూ లేని రోజుల్లో రెండు వేళ్లతో పట్టుకున్న సంగతిది.

ఆవిడ డబ్బింగ్ ఆర్టిస్టు. హీరోయిన్ స్నేహితురాలికి, విలన్ చెల్లెలికి, గుంపులో అరిచే ఆడవాళ్లకు పాతికేళ్లపాటు గొంతు ఇచ్చింది. గుంటూరు వైపు పల్లె నుంచి వచ్చింది. వాళ్ల నాన్న నడవలేక తూలుతుంటే ఊరంతా తాగుబోతన్నారు. ఆయన జీవితంలో చుక్క ముట్టలేదు. ఆయన పోయేదాకా ఇంట్లో కూడా కొందరు ఆ మాట నమ్మారు. తర్వాత ఈమె వంతు వచ్చింది. నాలుక మందమైంది, మాట పెదవుల కదలికకు అందడం మానేసింది. ఒక రోజు స్టూడియోలో ఎవరో "మేడమ్‌గారు ఇవాళ బాగాలేరు, రేపు రమ్మనండి" అన్నారట. ఆ మాటలో ఏముందో ఆమెకు అర్థమైంది. నాన్నను అన్న మాటే అది.

పరీక్షల సంగతి వేరే కథ. ముందు జన్యువుల అక్షరాలను చదివే ఎక్సోమ్ పరీక్ష చేయించారు. ఏమీ లేదని రిపోర్టు వచ్చాక కూడా కారణం కోసం తిరిగారు. ఈ జబ్బులో తప్పు ఒక్క అక్షరంలో ఉండదు. జన్యువులో ఒక చిన్న వరస మళ్లీమళ్లీ వచ్చి సాగిపోతుంది. మామూలుగా 22 సార్లు ఉండేది 33కీ ఆపైకీ పెరుగుతుంది. ఆ సాగుడును మామూలు ఎక్సోమ్ పరీక్ష తరచు పట్టుకోలేదు. దానికి విడిగా పీసీఆర్ పరీక్ష అడగాలి. తండ్రికో తల్లికో తూలుడు ఉందని తెలిసినా ఏ పరీక్ష రాయాలో తేలక కుటుంబాలు నెలలు, డబ్బు పోగొట్టుకుంటున్నాయి. ఇది డాక్టర్లు తమలో తాము సరిదిద్దుకోవాల్సిన విషయమని నా అభిప్రాయం.

ఆ డబ్బింగ్ ఆర్టిస్టుకు ఇంటర్ చదివే కూతురుంది. ఆ అమ్మాయికీ ఈ జబ్బు రావడానికి సగం అవకాశం. మేనరికం చేసుకోలేదు కదా, మరెందుకు వచ్చిందని బంధువులు అడుగుతారట. ఎస్‌సీఏ2 రావడానికి మేనరికంతో పనిలేదు. తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచి వస్తే చాలు. మేనరికాలతో ముడిపడేవి రెండు వైపుల నుంచీ లోపం అందితే వచ్చే జబ్బులు. విల్సన్ జబ్బు అలాంటిది. దాన్ని ఇక్కడ గట్టిగా చెప్పాలి. ఎందుకంటే దానికి మందుంది. ఒంట్లో రాగి పేరుకుపోయి చేతులు వణుకుతాయి, మాట ముద్దవుతుంది, బడిలో మార్కులు పడిపోతాయి. కంటి నల్లగుడ్డు అంచున గోధుమరంగు వలయం కనిపించవచ్చు. రాగిని బయటికి పంపే మందు 1956 నుంచీ ఉంది. జింకు కూడా వాడతారు. చిన్న వయసులో కారణం తెలియని వణుకుగానీ వంకరలుగానీ మొదలైతే ముందు విల్సన్ కాదని తేల్చుకోవాలి. ఆలస్యమైతే తిరిగిరాని నష్టం జరుగుతుంది.

కూతురి పరీక్ష గురించి డాక్టరుగారు తొందరపడలేదు. లక్షణాలు లేని మైనరుకు ఈ పరీక్ష చేయరు. పద్దెనిమిది నిండాక, కౌన్సెలింగ్ తర్వాత, తెలుసుకోవాలో వద్దో ఆ అమ్మాయే తేల్చుకోవాలి. ఇక ప్రభుత్వ సాయం సంగతి. ఉప్పల్‌లోని సీడీఎఫ్‌డీ పరిశోధన సంస్థ, పంజాగుట్టలోని నిమ్స్ ఆసుపత్రి కలిసి అరుదైన జబ్బుల 2021 జాతీయ విధానం కింద ప్రత్యేక కేంద్రంగా ఉన్నాయి. ఆ విధానం కింద చికిత్సకు 50 లక్షల రూపాయల వరకూ సాయం ఉంది గానీ, అది జాబితాకెక్కిన జబ్బులకే. మందే లేని జబ్బుకు అంత డబ్బు ఇస్తామన్నా కొనడానికేముంది? ఈ కుటుంబాలకు కావలసింది ఫిజియోథెరపీ, మింగడం నేర్పే మనిషి, వీల్‌చైరు, వైకల్య సర్టిఫికెట్. ఎస్‌సీఏ2 ఎక్కువగా ఉన్న క్యూబాలో రోగులకు 24 వారాలపాటు గట్టి వ్యాయామ చికిత్స ఇచ్చి చూస్తే తూలుడు తగ్గిందని 2018లో ప్రచురించారు. స్టెమ్ సెల్ ఇంజెక్షన్ల పేరుతో పొలాలు అమ్మించేవాళ్ల దగ్గర అలాంటి రుజువు లేదు. పీఎస్‌పీకి మెదడులో తీగలు పెట్టే ఆపరేషన్ వల్లా మేలు లేదు.

మధ్యాహ్నం అందరూ అక్కడే క్యారియర్లు విప్పారు. భోజనం వేళ కూడా క్లాసే. ఎవరికైనా పొలమారితే మనవాళ్లు నెత్తిమీద తట్టి, ఎవరో తలుచుకుంటున్నారంటారు. ఇక్కడ పొలమారితే స్పీచ్ థెరపిస్టు లేచి వస్తుంది. ఈ జబ్బుల్లో చాలా ప్రాణాలు ఊపిరితిత్తుల్లోకి తిండి జారి వచ్చే న్యుమోనియాతోనే పోతాయి. చారన్నం ప్రమాదమట. నీళ్లు ముందు జారిపోతాయి, మెతుకు వెనకబడుతుంది. గొంతు రెండింటినీ ఒకేసారి సంభాళించలేదు. పలుచటి మజ్జిగ కంటే గట్టి పెరుగన్నం, నీళ్ల కంటే చిక్కటి రాగిజావ మేలు. గడ్డం కాస్త వంచి, చిన్న ముద్ద పెట్టుకుని, అది పూర్తిగా దిగాకే మాట్లాడాలి. టీవీ కట్టేయాలి. అయితే అందరికీ ఒకే నియమం పనికిరాదు, పరీక్షించి చెప్పాలని ఆ థెరపిస్టు నాతో రెండుసార్లు అంది.

నన్ను బాగా కదిలించింది మాత్రం కింది అంతస్తు. గొంతు పూర్తిగా పోకముందే రోజూ వాడే మాటలు తమ గొంతుతోనే రికార్డు చేసి దాచుకునే పద్ధతి ఒకటుంది. తర్వాత ఫోన్లో మీట నొక్కితే ఆ మనిషి గొంతే పలుకుతుంది. దీనికి పెద్ద టెక్నాలజీ అక్కర్లేదు. ఏ భాషలోనైనా చేయొచ్చు. నిశ్శబ్దమైన గది, మంచి మైకు ఉంటే చాలు. ఫిలింనగర్‌లో వాటికి కొదవా? ఖాళీ ఉన్న గంటల్లో ఒక్కో థియేటరు ఒక్కో మనిషికి తలుపు తీస్తే చాలు. కాకపోతే రోగం పేరు చెప్పిన మొదటి రోజుల్లోనే డాక్టరు ఈ సంగతి చెప్పాలి. మాట పూర్తిగా ముద్దయ్యాక చెబితే ప్రయోజనం తక్కువ.

భోజనాలయ్యాక ఆ డబ్బింగ్ ఆర్టిస్టు వాకరుతో లిఫ్టులో దిగి మైకు ముందు కూర్చుంది. చేతిలో కూతురు రాసిచ్చిన కాగితం. "చిట్టీ, లేచావా", "కాస్త ఆగండి, చెబుతున్నాను", "నాకు చలేస్తోంది", "ఆటో, మీటర్ వెయ్యి." ఇంజనీరు ఒక్కొక్కటీ విడి ఫైలుగా దాస్తున్నాడు. కాగితంలో చివరిది: "నేను తాగలేదండీ. నాది నరాల జబ్బు." చదివింది. గాజు వెనక నుంచి అతను బాగుందని బొటనవేలు చూపించాడు. ఆవిడ ఒప్పుకోలేదు. "లేదండీ, 'తాగలేదు'లో 'లే' జారింది. ఇంకో టేక్ ఇస్తాను" అని హెడ్‌ఫోన్ మళ్లీ సర్దుకుంది.