మానుకోట దారి తెగినప్పుడు

ఇంటికన్నె, కేసముద్రం స్టేషన్ల మధ్య రైలుకట్ట ఇప్పుడు గట్టిగా ఉంది. కంకర సమంగా పరిచి ఉంది. 2024 సెప్టెంబరు మొదట్లో వరద ఇక్కడి మట్టినీ కంకరనూ ఊడ్చుకుపోతే పట్టాలు గాలిలో వేలాడాయి. రైళ్ళు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. ప్రయాణికులను బస్సుల్లో తరలించారు. కార్మికులు రాత్రింబవళ్ళు కష్టపడి కొద్ది రోజుల్లోనే మళ్ళీ రైళ్ళు నడిచేలా చేశారు.

ఆ రోజుల్లో సికింద్రాబాద్, విజయవాడ మధ్య నడిచే రైళ్ళు కొన్నింటిని నల్లగొండ, నడికుడి, గుంటూరు మీదుగా మళ్ళించారు. అవి గమ్యం చేరాయి. కానీ ఆ దారిలో జనగామ తగలదు, కాజీపేట తగలదు, మానుకోటగా పిలిచే మహబూబాబాద్ తగలదు. మహానగరాలకు రెండో దారి దొరికింది, మహబూబాబాద్ జిల్లా జనానికి దొరకలేదు. ఒక దారి తెగితే ఎవరు విడిపోతారు, ఇంకో దారి ఎంత దూరమవుతుంది? ఊళ్ళను చుక్కలుగా, దారులను గీతలుగా గీసి ఈ లెక్క తేల్చే శాస్త్రాన్ని గ్రాఫ్ అల్గారిథమ్స్ అంటారు. కంప్యూటర్ నెట్‌వర్కుల్లో ఇదే లెక్క మీద ఏళ్ళ తరబడి పనిచేసిన ఆచార్యుడు సి. శివరామమూర్తి చదువుకున్నది ఈ పట్టాలకు దగ్గర్లోనే. అందుకే మానుకోట నుంచి కాజీపేట రైలెక్కాను.

ఆయన చదివిన వరంగల్ ఎన్‌ఐటీకి 1959 అక్టోబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. అప్పట్లో అది ప్రాంతీయ ఇంజినీరింగ్ కళాశాల. 2002లో ఎన్‌ఐటీ అయింది. రెండు చుక్కల మధ్య అతి దగ్గరి దారిని కనిపెట్టే పద్ధతిని డచ్చి శాస్త్రవేత్త డైక్‌స్ట్రా మూడు పేజీల వ్యాసంలో ప్రకటించిందీ 1959లోనే. శివరామమూర్తి ఈ కళాశాలలో 1982లో ఎలక్ట్రానిక్స్‌లో బీటెక్ పూర్తిచేశారు. 1984లో ఖరగ్‌పూర్ ఐఐటీలో ఎంటెక్, 1988లో బెంగళూరు ఐఐఎస్సీలో పీహెచ్‌డీ చేసి, అదే ఏడు మద్రాసు ఐఐటీలో లెక్చరర్‌గా చేరారు. 2000లో ప్రొఫెసర్ అయ్యారు. తర్వాత అక్కడే రిచర్డ్ కార్ప్ పేరిట ఉన్న పీఠాన్ని అందుకున్నారు. నెట్‌వర్కులో గరిష్ఠ ప్రవాహాన్ని లెక్కించే ప్రసిద్ధ పద్ధతిని 1972లో ఎడ్మండ్స్‌తో కలిసి ఇచ్చినవాడే ఆ కార్ప్.

శివరామమూర్తి తన శిష్యుడు మోహన్ గురుసామితో కలిసి కాంతి తంతు నెట్‌వర్కుల మీద ఒక గ్రంథం రాశారు. ఒకే తంతువులో అనేక రంగుల కాంతి ఒకేసారి ప్రయాణిస్తుంది, ఒక్కో రంగు ఒక్కో సమాచార ప్రవాహాన్ని మోస్తుంది. ఒకే తంతువును పంచుకునే రెండు ప్రవాహాలకు ఒకే రంగు ఇవ్వకూడదు. ఏ ప్రవాహానికి ఏ దారి, ఏ రంగు అన్నదే చిక్కుముడి. తంతువు తెగితే సమాచారం ఆగకుండా ముందుగానే రెండో దారిని కేటాయించి ఉంచే పద్ధతులపై మోహన్, సోమానీలతో కలిసి ఆయన రాసిన పరిశోధన వ్యాసం 2001లో వెలువడింది. ఇంటికన్నె దగ్గర కట్ట తెగిన రోజు మనకు కావలసి వచ్చింది అలాంటి ముందుచూపే.

ఎన్‌ఐటీ క్యాంపస్‌లో కలిసిన ఒక పరిశోధక విద్యార్థి బోర్డు మీద గీసి చూపించాడు. ముందు అతి దగ్గరి దారి ఎంచుకుని, మిగిలిన గీతల్లో రెండోది వెతికితే ఒక్కోసారి అసలు దొరకదు. రెండింటినీ జంటగా వెతికితే దొరుకుతుంది. అలా వెతికే పద్ధతిని 1974లో సూర్‌బాల్ ఇచ్చాడు. "మొదటి దారి వేసేటప్పుడే రెండోదాని గురించి ఆలోచించాలి సార్," అన్నాడు ఆ అబ్బాయి.

ఆ మాటను భూపాలపల్లి దారిలో పరీక్షించి చూశాను. సింగరేణి గనులు, చెల్పూరులో 1,100 మెగావాట్ల విద్యుత్ కేంద్రం ఉన్న ఆ ప్రాంతానికి ప్రయాణికుల రైలు లేదు. రోడ్డే ఆధారం. హనుమకొండలో ఎవరినడిగినా రెండు దారులు చెబుతారు: పరకాల మీదుగా ఒకటి, ములుగు, గణపురం మీదుగా ఇంకొకటి. బస్సులో కూర్చుని కాగితం మీద గీస్తే అసలు సంగతి బయటపడింది. గుడెప్పాడ్ దాకా రెండూ ఒకటే రోడ్డు, అక్కడే చీలతాయి. అంతకుముందు ఎక్కడ రోడ్డు తెగినా రెండూ ఒకేసారి మూసుకుపోతాయి. పైకి రెండుగా కనిపించే దారులు ఒకే చోట తెగే ప్రమాదాన్ని నెట్‌వర్కు ఇంజినీర్లు ప్రత్యేకంగా లెక్కగడతారు. మన రోడ్ల విషయంలోనూ ఆ లెక్క జరగాలి.

పాఠ్యపుస్తకాల గ్రాఫుల్లో చుక్కలకు ఊరి పేర్లుండవు, ఉత్త అక్షరాలుంటాయి. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి కాలేజీల్లో ఆ అక్షరాలు చెరిపి డోర్నకల్, గుడెప్పాడ్, పరకాల అని రాస్తే చాలు. సొంత ఊరు ఏ గీత తెగితే విడిపోతుందో పిల్లలు గంటలో తేలుస్తారు. ఆ కాగితాలు ప్రతి ఏటా వానాకాలానికి ముందే కలెక్టరు బల్ల మీదికి చేరాలి.