ఆరు గుంటలు

ఆఫ్రికాలో ఏదైనా మిషన్ ఆసుపత్రికి పోయి ఆర్నెల్లు సేవ చేసి రావాలనుంది సార్ అని జూనియర్లు అప్పుడప్పుడు సలహాకు వస్తుంటారు. తప్పకుండా వెళ్ళండంటాను. దానికి ముందు ఒకసారి తిరుపతిలో మదనపల్లె బస్సెక్కి చూడండని కూడా అంటాను.

నేను రెండేళ్ళు ఎక్కాను. ప్రతి శనివారం చీకటితోనే బయల్దేరి, భాకరాపేట ఘాటు దాటి, పీలేరులో టీ తాగి, ఆ వైపు ఒక చిన్న మిషన్ ఆసుపత్రిలో సాయంత్రం దాకా ఓపీ చూసేవాణ్ణి. జీతం లేదు. మధ్యాహ్నం రాగి సంగటి, చెనక్కాయల ఊరుబిండి. తిరుగు బస్సులో ఏదో ఘనకార్యం చేసినవాడిలా కిటికీ పక్కన కూర్చునేవాణ్ణి.

ఒక శనివారం సోమల దగ్గర పల్లె నుంచి ఒకామె వచ్చింది. టమోటా కోతలకు పోయే మనిషి. నెలన్నరగా దగ్గు, పొద్దుగూకితే జ్వరం, బరువు 38 కిలోలు. కఫం పరీక్షలో క్షయ తేలింది. ఆ బరువుకు రోజుకు మూడు మాత్రలు, ఒక్కో మాత్రలో నాలుగు మందులు. ఆరు నెలలు మానకూడదని గట్టిగా చెప్పి పంపాను. ఆమెతో మాట్లాడింది నాలుగు నిమిషాలుంటుందేమో. బయట వరస అలాగే ఉంది.

మూడు వారాలకు ఆసుపత్రి సిస్టరమ్మ ఆమెను వెంటబెట్టుకొచ్చింది. ఆమె కొంగుముడి విప్పి మాత్రల అట్టలు బల్ల మీద పెట్టింది. మొత్తమ్మీద ఆరు గుంటలే ఖాళీ.

"రెండు దినాలు మింగితి సామీ. ఒంటికి పోతే ఎర్రగా వచ్చె. రక్తం పోతాందనుకుంటి. ఎవురికీ చెప్పల్యా."

రిఫాంపిసిన్ మింగితే మూత్రం నారింజ రంగుకు తిరుగుతుంది. చెమట, కన్నీళ్ళు కూడా. భయపడాల్సింది లేదు. ఎంబీబీఎస్ రెండో ఏడాది పిల్లల్ని నిద్రలో లేపి అడిగినా చెప్తారు. నేను చెప్పలేదు.

"ఆ రంగొస్తేనే మందు ఒంట్లోకి పోయినట్టు మ్మే" అంది సిస్టరమ్మ. అంతే, ఆమె మొహం తేటపడింది. సిస్టరమ్మది పక్క ఊరే. సంతలో కనబడితే ఆపి అడిగిందట.

నేనెక్కిన బస్సు పోయే ఆ మదనపల్లె పక్కనే, క్షయ రోగుల కోసం ఆరోగ్యవరం శానటోరియం 1915లో మొదలైంది. డెన్మార్కు నుంచి వచ్చిన క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దాన్ని దశాబ్దాల పాటు నడిపాడు. తర్వాత ఆయన కొడుకు యొహానెస్ కూడా అక్కడే పనిచేశాడు. అప్పట్లో క్షయకు మందే లేదు. పొడిగాలి, తిండి, పడక, కొందరికి సూదితో గాలి ఎక్కించి ఊపిరితిత్తిని అణచి ఉంచడం, ఇవే వైద్యం. స్ట్రెప్టోమైసిన్ 1940లలో గానీ రాలేదు. నయంచేసే మాత్ర చేతిలో లేని డాక్టరు రోగి పక్కన కూర్చోక ఏం చేస్తాడు! ఇంట్లో ఉండి మందులు మింగినా శానటోరియంలో ఉన్నంత బాగానే నయమవుతుందని 1959లో మద్రాసు పరిశోధన తేల్చింది. దాంతో పడకల అవసరం తగ్గింది. మాత్రలు ఇంటికి వెళ్ళాయి. మాత్రల వెంట పోయి ఆ ఇంటి గడపలో కూర్చునేవాళ్ళు ఎవరన్నది నాబోటి శనివారం డాక్టర్లకు తట్టని ప్రశ్న.

ఆ ఆరు గుంటలు చూసిన తర్వాత నుంచి శుక్రవారం రాత్రికే వెళ్ళి, క్షయ కార్డులన్నీ సిస్టరమ్మతో కూర్చుని చూసేవాణ్ణి. ఎక్కువగా ఆమే చెప్పేది, నేను రాసుకునేవాణ్ణి.

ఆరో నెలాఖరున ఆ సోమల వైపు ఆమె వచ్చింది. 44 కిలోలు. కఫంలో క్రిమి లేదు. గోతాంలో టమోటాలు తెచ్చి సిస్టరమ్మ కాళ్ళ దగ్గర దించింది. నా వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి అడిగింది:

"ఈ సారు ఎవురుక్కా, కొత్తగా వచ్చినాడా?"